ఐదు నిమిషాలకో గుర్తు

ఏడో నంబరు మనిషి చాలా సంతోషంగా ఉన్నాడు.

హాలు మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఇన్‌స్పెక్టరమ్మకి అదే వింతగా ఉంది. మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దవాళ్లని ఉంచే హోములు ఎలా నడుస్తున్నాయో చూసి గ్రేడు ఇవ్వడం ఆమె ఉద్యోగం. అంటే మంచాలూ మరుగుదొడ్లూ లెక్కపెట్టి వెళ్లిపోవడం కాదు. రెండు గంటలు ఒక మూల కదలకుండా కూర్చోవాలి. హాల్లో ఉన్నవాళ్లకి నంబర్లు ఇచ్చుకోవాలి. ఐదు నిమిషాలకోసారి ఒక్కొక్కరి మొహం చూసి, షీట్లో వాళ్ల గడిలో గుర్తు పెట్టాలి. నవ్వుతుంటే ప్లస్సు. ఎటో చూస్తూ ఉండిపోతే సున్నా. భయపడుతున్నా, ఏడుస్తున్నా మైనస్సు. ఎవరినీ పలకరించకూడదు. తను అక్కడ లేనట్టే ఉండాలి.

లేనట్టు ఉండటం ఆమెకి ముప్పై ఒక్క ఏళ్లకే బాగా అబ్బింది. ఇది నలభై నాలుగో హోము. ఇప్పటిదాకా నింపిన షీట్లన్నీ ఒకచోట పెడితే సున్నాలు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు.

ఈ ఏడో నంబరుకి మాత్రం తొమ్మిదిన్నర నుంచీ వరసగా ప్లస్సులే. ముప్పై ఐదేళ్లుంటాయేమో. ఇంత చిన్నతనంలో ఈ జబ్బేమిటి పాపం, అనుకుంది. నలిగిన గళ్ల చొక్కా, దువ్వెన చూడని జుట్టు. పక్కనున్న పెద్దాయన "టికెట్, టికెట్" అంటే జేబులోంచి కాగితం ముక్క తీసి ఇస్తాడు. ఆయన దాని అంచు చింపి తిరిగిస్తాడు. ఐదు నిమిషాలకి ఆయన మళ్లీ "టికెట్" అంటాడు. ఇతను మళ్లీ అంతే శ్రద్ధగా జేబులు వెతుక్కుంటాడు.

రెండు గంటలు పూర్తయ్యాక ఆమె లేచి, నడుం సవరించుకుని, అతని ముందుకెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. శిక్షణలో నేర్పినట్టు గొంతు తగ్గించి నెమ్మదిగా అడిగింది.

"నమస్కారమండీ. మీ పేరు గుర్తుందా?"

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "గుర్తుంది."

"చాలా మంచిది. ఇవాళ ఏ వారం?"

"మంగళవారం."

"భలే చెప్పారే! మరి మిమ్మల్ని ఇక్కడికి ఎవరు తీసుకొచ్చారు?"

"బస్సు," అన్నాడు అతను. "రోజూ పొద్దున ఏడున్నరకి తీసుకొస్తుంది, సాయంత్రం ఏడింటికి తీసుకెళ్తుంది. నేనిక్కడ నర్సుని మేడమ్."

ఆమె మోకాళ్ల మీదే ఉండిపోయింది.

కిటికీ దగ్గర కూర్చున్న తెల్లజుట్టు ఆవిడ, రిటైరైన టీచరమ్మ, కళ్లజోడు పైకి తోసుకుని కల్పించుకుంది. "వాడి మాట నమ్మకమ్మా. వాడు నా క్లాసు పిల్లాడు. లెక్కలు బొత్తిగా రావు."

"నిజమే టీచరమ్మా, రావు," అన్నాడు నర్సు వినయంగా.

"మీకు యూనిఫారం లేదా?" ఆమె లేచి మోకాళ్లు దులుపుకుంది. చెవులు వేడెక్కాయి.

"యూనిఫారం చూస్తే ఆసుపత్రి అనుకుని హడలిపోతున్నారని తీసేశాం. అలా తీసెయ్యమని చెప్పిందీ మీ ఆఫీసే. ఇంతకీ నాకెన్ని మార్కులు వచ్చాయి?"

"చెప్పకూడదు."

"అన్నీ ప్లస్సులే కదా? తలకిందులుగా కనిపించాయి లెండి." నవ్వాడు. "నేనూ మీకో నంబరు ఇచ్చుకున్నాను. తొమ్మిది. రెండు గంటల్లో ఒక్క ప్లస్సూ రాలేదు మీకు. మధ్యలో చిన్న కునుకు కూడా తీశారు. దానికేం గుర్తు పెడతారు?"

"నిద్రకి సున్నా," అంది ఆమె అప్రయత్నంగా. అని, ఏడో గడి మీద అడ్డంగా గీత కొట్టేసింది.

* * *

రెండో రోజు వాన పట్టుకుంది. మధ్యాహ్నం వరండాలో అతను రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు.

"పరిశీలనకి వచ్చినవాళ్లు హోములో ఏమీ తీసుకోకూడదు," అంది ఆమె.

"ఇది హోము టీ కాదు, నా ఫ్లాస్కులోది. పైగా చల్లారిపోయింది. దీన్ని ఎవరూ లంచం అనరు."

తాగింది. నిజంగానే చల్లారిపోయింది. అయినా గొంతు దిగేసరికి భుజాలు కాస్త వదులయ్యాయి. వాన వరండా మెట్ల మీద టపటపా పడుతోంది. లోపల పెద్దాయన ఎవరినో "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని తొందరపెడుతున్నాడు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాడట.

"ఎందుకండీ అంత అలసట?" అన్నాడు అతను. "పని వల్లయితే పని అయ్యాక తగ్గాలి. మీరు పొద్దున గేటు తీసుకుని వచ్చేటప్పుడే అలిసిపోయి ఉంటారు."

ఇలాంటివి చెప్పకూడదు. కానీ వాన చప్పుడులో ఎవరికీ వినపడదన్న ధైర్యమో ఏమో, చెప్పేసింది. అమ్మకీ ఇదే జబ్బు. రెండేళ్ల నుంచి అక్క ఇంట్లో ఉంటోంది. సాయంత్రం నాలుగయితే చాలు, డ్యూటీకి టైమయిందని చెప్పులేసుకుని బయల్దేరుతుంది. ఆపితే కొడుతుంది. అక్క ఉద్యోగానికి పెట్టిన సెలవులన్నీ అయిపోయాయి. వచ్చే నెల ఒకటో తారీకులోగా అమ్మని ఎక్కడైనా చేర్చాలి. తనదా, ఊళ్లు తిరిగే ఉద్యోగం, ఒంటి గది కాపురం.

"నలభై మూడు హోములు చూశాను. ఒక్కదానిలోనూ అమ్మని వదలబుద్ధి కాలేదు."

"అమ్మగారు ఏం చేసేవారు?"

ఈ ప్రశ్న ఇంతవరకూ ఏ హోములోనూ ఎవరూ అడగలేదు. జబ్బు ఏ దశలో ఉందనే అడుగుతారు. "టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు," అంది.

"ఓహో! అయితే నాలుగింటికి షిఫ్టు ఎక్కేవారన్నమాట."

ఆమె గ్లాసు కింద పెట్టింది. రెండేళ్లుగా తనూ అక్కా డాక్టర్లూ కలిసి పట్టుకోలేని సంగతి ఇతను చల్లారిన టీ తాగుతూ చెప్పేశాడు.

"ఇక్కడ గది ఏమైనా ఖాళీ ఉందా?" నోరు జారింది.

"వచ్చే వారం ఒకటి ఖాళీ అవుతోంది. రోడ్డు వైపు కిటికీ. మేనేజరమ్మకి చెప్పి పెట్టమంటారా?"

ఆమె తల ఊపింది. ఊపకూడదని తెలిసే ఊపింది. అతనిచ్చిన చీటీ మీద అమ్మ పేరూ, అక్క ఇంటి చిరునామా రాసింది.

ఆ సాయంత్రం ఐదున్నరకి వెళ్లబోతూ ఆగిపోయింది. నర్సు కండక్టరుగారి కుర్చీ ముందు నిలబడి, "బండి డిపోలో పెట్టేశాం సార్. డ్యూటీ దిగారు. రోడ్డంతా దుమ్ము, ఒళ్లు కడుక్కోండి," అంటున్నాడు.

"కలెక్షను అప్పజెప్పావా?" అన్నాడు పెద్దాయన అనుమానంగా.

"అప్పజెప్పాను సార్."

"అయితే పద."

పొద్దున ఇదే పెద్దమనిషి స్నానం అనగానే, "డ్యూటీలో ఉన్న మనిషిని పట్టుకుని బట్టలిప్పమంటావా!" అని బకెట్టు తన్నేశాడు. ఇప్పుడు స్నానాల గదిలోంచి నీళ్ల చప్పుడూ, ఆయన గట్టిగా స్టాపుల పేర్లు చెప్పడమూ, నర్సు ప్రతి స్టాపులోనూ "హోల్డాన్" అనడమూ వినిపిస్తున్నాయి. ఆమె గొడుగు పట్టుకుని నడవాలో నిలబడి నవ్వింది. నవ్వుతున్న సంగతి కాసేపయ్యాక గానీ తెలియలేదు.

* * *

మూడో రోజు రికార్డులు చూసే రోజు.

ట్యాబ్‌లో కండక్టరుగారి పేజీ తీసింది. స్నానం: పొద్దున ఎనిమిదీ పది. పక్కన పచ్చటి టిక్కు. నిన్నటి తేదీ. వెనక్కి తిప్పింది. మొన్న ఎనిమిదీ పది. అటు మొన్నా అంతే. నెలలకి నెలలు అదే టైము, అదే టిక్కు.

మిగతా షిఫ్టులవాళ్లని పిలిచి, ఆ పేజీ చూపించి అడిగింది. తర్వాత నర్సుని పిలిచింది.

"ఈ టిక్కు మీరు పెట్టిందేనా?"

"నాదే."

"నిన్న ఎనిమిదీ పదికి ఆయన వరండాలో టికెట్లు చింపుతున్నారు. నా షీట్లో ఉంది."

"స్నానం సాయంత్రం చేయించాను కదా మేడమ్. మీరే చూశారు. మీరు నవ్వడం నేనూ చూశాను."

"నవ్వాను. అది నిజం. ఈ టిక్కు అబద్ధం."

"ట్యాబ్‌లో సాయంత్రం స్నానానికి గడే లేదు." అతని గొంతు మొదటిసారి గరుకెక్కింది. "పదిలోగా టిక్కు పడకపోతే పైవాళ్ల స్క్రీన్ ఎర్రబడుతుంది. వెంటనే ఫోను. గడి పెట్టించమని రెండుసార్లు రాశాను, ఎవరూ పట్టించుకోలేదు. మూడోసారి ఓపిక లేక టిక్కు పెట్టేశాను. అలా పద్నాలుగు నెలలు."

ఓపిక లేక. ఆ మాటకి అర్థం ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు.

"పోయిన నెల మీకు జ్వరం వచ్చి నాలుగు రోజులు రాలేదు," అంది, పేజీ తిప్పి. "మీ బదులు చేసినమ్మాయి కూడా పొద్దునే టిక్కు పెట్టింది. మీరు అలాగే నేర్పారట. సాయంత్రం డ్యూటీవాళ్లు టిక్కు చూసి, స్నానం అయిపోయిందనుకున్నారట. ఐదో రోజు మీరొచ్చి చూస్తే ఆయన వీపు మీద పుండు. పుండు సంగతి రాసింది మీరే. నాలుగు రోజులు ఒంటి మీద నీళ్లు పడలేదని మాత్రం ఎవరూ రాయలేదు."

అతను ఎదురు కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

"ఒకే వైపు పడుకోబెట్టి ఉంచడం వల్ల అనుకున్నాను," అన్నాడు చివరికి. "వాళ్లని తిట్టాను కూడా."

బయట టీచరమ్మ ఎవరికో ఎక్కాలు చెప్పిస్తోంది.

"తప్పుడు రికార్డుకి సి గ్రేడు. ఆరు నెలలు కొత్తవాళ్లని చేర్చుకోకూడదు," అంది ఆమె.

"మరి ఆ కిటికీ గది?"

"ఖాళీగానే ఉంటుంది."

"మీ అమ్మగారికని నిన్ననే చెప్పి పెట్టాను."

"తెలుసు."

"మీరు రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?" అనేశాడు అతను. అన్నాక తలదించుకున్నాడు.

ఆమెకి కోపం రాలేదు. కోపానికీ ఓపిక కావాలి. "రాయలేదనుకుందాం. మా అమ్మ ఆ గదిలో ఉంటుంది. నేను ఎక్కడో ఊళ్లో కూర్చుని అమ్మ పేరు పక్కన పచ్చ టిక్కు చూస్తాను. దాన్ని నమ్మాలా, వద్దా? మీరే చెప్పండి."

అతను ట్యాబ్‌ని బోర్లించాడు.

"ఇక్కడ గది అడిగానని కూడా రాస్తున్నాను. అది నా తప్పు. దానికి నన్నూ అడుగుతారు." పెన్ను తీసింది. "మీ హాల్లో ఈ రెండు రోజులూ సున్నాలకంటే ప్లస్సులే ఎక్కువ వచ్చాయని కూడా రాస్తాను. నలభై నాలుగు హోముల్లో ఇలా రావడం ఇదే మొదలు. అదీ నిజమే కదా."

ఆమె వెళ్లేటప్పుడు అతను గేటు దాకా రాలేదు.

* * *

రెండు వారాల తర్వాత, ఆదివారం, అక్క ఇంట్లో కూర్చుని ఆమె ఈ కథంతా చెప్పింది. పైఅధికారి మరొకర్ని పంపి మళ్లీ చూపించాడు. తేలింది అదే. గ్రేడు ఖాయమైంది. ఆమెకి ఒక మెమో వచ్చింది.

అక్క మడతపెడుతున్న దుప్పటి అలాగే ఒళ్లో వదిలేసింది. "అంటే నీకు నచ్చిన ఒకే ఒక్క హోముని నువ్వే మూయించావు."

"మూయించలేదక్కా. ఆరు నెలలు చేర్చుకోరు, అంతే."

"ఆరు నెలలు! నిజాయితీ నీది, నిద్ర లేకపోవడం నాది. బాగుందే!" అక్క దుప్పటి పక్కకి విసిరేసింది. "ఇంకో పన్నెండు రోజుల్లో నేను డ్యూటీలో చేరకపోతే తీసేస్తారు. అమ్మని ఎవరు చూస్తారు? నీ షీటా?"

అదే సమయానికి గోడ గడియారం నాలుగు చూపించింది. లోపలి గదిలోంచి అమ్మ చెప్పులేసుకుని వచ్చింది. అక్క లేచి తలుపుకి అడ్డంగా నిలబడింది. అమ్మ చెయ్యెత్తింది.

సరిగ్గా అప్పుడే గంట మోగింది.

తలుపు తీస్తే నర్సు. అదే గళ్ల చొక్కా, ఈసారి ఇస్త్రీ చేసి ఉంది. జుట్టు తడిపి దువ్వాడు.

"మీరు ఇక్కడికి రాకూడదు," అంది ఆమె, తేరుకుని.

"రిపోర్టు మీద సంతకాలైపోయాయి. నాకివాళ వీక్లీ ఆఫ్. పైగా నేను మీ కోసం రాలేదు." అని, ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. "అమ్మగారూ, షిఫ్టుకేనా? నేనూ అటే వెళ్తున్నాను. కలిసి నడుద్దామా?"

అమ్మ ఎత్తిన చెయ్యి దించింది. "లేటైపోయిందయ్యా. పద పద."

అక్క నోరు తెరుచుకుని చూస్తుండగానే ఇద్దరూ మెట్లు దిగారు. ఆమె చెప్పులు వెతుక్కుని వెనకే పరుగెత్తింది.

వీధి చివర మందుల షాపు దాకా నడిచారు. దాన్ని చుట్టి వెనక వీధిలోంచి తిరిగొచ్చారు. పావుగంట. ఇంటి గేటు కనిపించగానే అతను, "షిఫ్టు అయిపోయిందండీ. ఇవాళ లైన్లన్నీ బిజీ. బాగా అలిసిపోయి ఉంటారు," అన్నాడు.

"చంపేశారనుకో," అంది అమ్మ. లోపలికెళ్లి, చెప్పులు విప్పి, పడుకుంది. రెండేళ్లలో మొదటిసారి ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ అరవలేదు.

అక్క అతనికి టీ ఇచ్చింది. వేడి టీ. ఇస్తూ చెల్లెలి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు అర్థం కానట్టే చెల్లెలు ఊరుకుంది.

"కండక్టరుగారికి క్షమాపణ చెప్పుకున్నాను," అన్నాడు అతను టీ చూస్తూ. "టికెట్ లేకుండా ఎక్కావా అని అడిగారు. అవునన్నాను. ఈసారికి వదిలేస్తున్నా అన్నారు."

"ట్యాబ్‌లో గడి?"

"మీ రిపోర్టు వెళ్లిన నాలుగో రోజే వచ్చింది, సాయంత్రం గడి. నేను రెండుసార్లు అడిగితే రాలేదు." గ్లాసు పక్కన పెట్టాడు. "మొదటి వారం మీమీద చాలా కోపంగా ఉండేది. రెండో వారం నామీద. రెంటికీ ఓపిక అయిపోయాక ఇలా వచ్చాను."

* * *

అక్క బావతో పూటలూ షిఫ్టులూ పంచుకుని సగం పూట డ్యూటీలో చేరింది. నాలుగింటి నడక ఎలా నడవాలో అతను నేర్పాడు. మామూలు రోజుల్లో అక్కో, బావో నడిచేవాళ్లు. ఆదివారం మాత్రం అతనొచ్చేవాడు. శనివారం సాయంత్రానికి ఏ ఊళ్లో ఉన్నా సరే, ఆదివారం మధ్యాహ్నానికి ఆమె అక్క ఇంట్లో ఉండేది. దానికి కారణం అమ్మే అని అందరికీ చెప్పేది. అడక్కపోయినా చెప్పేది.

నడకలో అమ్మ మధ్యన. అతను కుడివైపు, ఆమె ఎడమవైపు. మందుల షాపు వచ్చేలోగా అమ్మ కనీసం మూడుసార్లు అతన్ని అడిగేది: "ఎవరండీ మీరు?"

"లైన్‌మాన్‌నండీ."

ఇంకో పది అడుగులకి: "ఎవరండీ మీరు?"

"కొత్తగా చేరాను. ట్రైనింగు."

"రికార్డు తప్పు చెప్తున్నారు," అనేది ఆమె పక్కనుంచి.

"నోటిమాటకి గ్రేడు లేదు మేడమ్."

"మేడమ్ ఏమిటింకా?"

"మరేమని పిలవమంటారు? తొమ్మిదో నంబరనా?"

ఒక ఆదివారం అమ్మ త్వరగా పడుకుంది. వాళ్లిద్దరూ ముందు గదిలో కూర్చుని ఏదో మాట్లాడుకుంటుండగా ఆమె మాట మధ్యలోనే నిద్రపోయింది. లేచేసరికి చీకటి పడుతోంది. అతను అదే కుర్చీలో, అదే భంగిమలో ఉన్నాడు. ఆమె తల ఆనిన భుజం కదపలేదు.

"లేపొచ్చుగా!"

"చెయ్యి తిమ్మిరెక్కింది. లేపడానికి రెండోది ఖాళీగా లేదు," అన్నాడు. రెండో చేతిలో అక్క అప్పజెప్పిన కూరగాయల సంచి ఉంది.

ఐదో నెలలో ఒకరోజు నడక మధ్యలో వాన అందుకుంది. ముగ్గురూ మూసి ఉన్న షాపు చూరు కింద నిలబడ్డారు. అమ్మ వానని చూస్తూ, ఎవరితోనో "లైన్లో ఉండండి, కలుపుతున్నా" అంటోంది.

"మీ హోముకి మళ్లీ పరిశీలన వేశారు, వచ్చే నెల," అంది ఆమె. "నన్ను వెళ్లమన్నారు. వెళ్లనని రాసిచ్చాను."

"అమ్మగారిని చేర్చాలనేగా?"

"దానికో గడి ఉంది ఫారంలో. బంధువులని చేర్చదలచుకుంటే టిక్కు పెట్టాలి. పెట్టాను." వాన చూరు అంచు నుంచి దారాల్లా జారుతోంది. ఆమె దానివైపే చూస్తూ చెప్పింది. "దాని కింద ఇంకో గడి ఉంది. అక్కడ పనిచేసేవాళ్లతో సొంత సంబంధం ఉంటే. దానికీ పెట్టాను."

అతని చెవులు ఎర్రబడటం ఆమె మొదటిసారి చూసింది.

"చెయ్యని పనికి ముందే టిక్కు పెడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు," అన్నాడు చివరికి. "ఆరు నెలలు ఇంటికి రానివ్వరు."

"అందుకే చెబుతున్నా. ఆ టిక్కు అబద్ధమైతే ఇప్పుడే చెప్పండి, కొట్టేస్తాను."

"కొట్టెయ్యకండి," అన్నాడు. ఆ ఒక్క ముక్కే, తొందరగా. అమ్మ వెనకనుంచి చెయ్యి చాపి ఆమె వేళ్లు పట్టుకున్నాడు. వేళ్లు చల్లగా ఉన్నాయి. ఇద్దరివీ.

"ఎవరండీ మీరు?" అంది అమ్మ అతని వైపు తిరిగి. మొదటిసారి అతనికి జవాబు తోచలేదు.

* * *

హోముకి ఈసారి బి గ్రేడు వచ్చింది. వేరే ఇన్‌స్పెక్టరు ఇచ్చాడు. మరుసటి వారమే అమ్మ పేరు చేర్చుకున్నారు.

తీసుకెళ్లే రోజు పొద్దున అక్క అమ్మ బట్టలు పెట్టెలో సర్దుతూ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఆమె మందుల సంచీ, రిపోర్టులూ, కళ్లజోడూ మోసుకుంటూ గదికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంది. నర్సు ఆటో మాట్లాడుకుని వచ్చాడు. వచ్చినవాడు గుమ్మంలో ఆగాడు.

"అక్కా, ఒక్క నిమిషం. అమ్మగారిని ఇక్కడున్నప్పుడే ఒకటి అడగాలి. అక్కడికి వచ్చాక నేను ఆవిడ నర్సుని. అప్పుడు అడగకూడదు."

అక్క కళ్లు తుడుచుకోవడం ఆపింది. "అడుగు, అడుగు. ఇన్నాళ్లకా!"

అతను అమ్మ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎవరండీ మీరు?"

"మీ చిన్నమ్మాయిని పెళ్లి చేసుకుందామనుకుంటున్న మనిషినండీ. మీరు ఒప్పుకుంటే."

అమ్మ అతన్ని పైనుంచి కిందకి చూసింది. "మా చిన్నదా? అది చిరాకు మనిషయ్యా. పెద్దదాన్ని అడక్కపోయావా?"

"నాకు పెళ్లయిపోయిందమ్మా," అంది అక్క, ఏడుస్తూనే నవ్వుతూ.

"అయితే సరే, చేసుకో," అంది అమ్మ. ఆటోవాడు బయట హారన్ కొట్టాడు. అమ్మ అటు చూసి, మళ్లీ ఇటు తిరిగింది. "ఎవరండీ మీరు?"

అతను ఏమాత్రం విసుగు లేకుండా మొదటినుంచీ చెప్పాడు. ఈసారి అమ్మ మొహం ముడుచుకుంది. "కుదరదు. ముక్కూ మొహం తెలియని మనిషికి పిల్లనివ్వను. ఫోన్ పెట్టెయ్."

"అమ్మా!" అంది ఆమె, మందుల సంచీ పట్టుకుని.

"ఒకటి సరే, ఒకటి కుదరదు. సమానం," అన్నాడు అతను వెనక్కి తిరక్కుండా. "ఇంకోసారి అడగనివ్వండి. వినేదాకా అడగడమే నా పని."

మూడోసారి అడిగాడు. అమ్మ వెంటనే ఏమీ అనలేదు. అతని మొహాన్ని చూసింది. తర్వాత అతని వెనక నిలబడ్డ కూతురిని చూసింది. సంచీ బరువుకి ఒకవైపు వంగిన భుజాన్ని, నిద్ర చాలని కళ్లని, నుదుటికి అంటుకున్న జుట్టుని చాలాసేపు, జాగ్రత్తగా చూసింది. ఎన్నో నెలలుగా ఆ చూపు ఆ కళ్లలో లేదు.

"ఏమయ్యా, పెళ్లంటున్నావు," అంది అమ్మ. "ముందు దాని చేతిలో సంచి అందుకో. పొద్దుట్నుంచి నిలబడే ఉంది పిల్ల."

అతను లేచి సంచి అందుకున్నాడు. ఆమె అమ్మ పక్కన కూర్చుంది. ఆటోవాడు మళ్లీ హారన్ కొట్టాడు. కొట్టుకోనీ అన్నట్టు, ఎవరూ వెంటనే లేవలేదు.